విగన్ పియర్ చూసి వచ్చాం

గురువారం

ఇంగ్లండులో ఎవరి దగ్గరైనా విగన్ పేరెత్తితే ముందు ఓ నవ్వు నవ్వి ఆ తర్వాత మాట్లాడతారు. మాంచెస్టర్‌లో మా అల్లుడి ఆఫీసు వాళ్లూ అదే చేశారట. "మా మామగారు విగన్ పియర్ చూస్తానంటున్నారు" అని చెప్పగానే ఒకాయన టీ కప్పు కింద పెట్టి మరీ నవ్వాడట. ఆయన నవ్వు వెనక వందేళ్ల పైబడిన చరిత్ర ఉంది. నేను చూద్దామనుకున్నది దాన్నే.

పియర్ అంటే ఇక్కడి సముద్రతీరపు ఊళ్లలో ఒడ్డు నుంచి నీళ్లలోకి కట్టిన పొడవాటి వంతెనలాంటిది. అవతలి గట్టు ఉండదు. చివరిదాకా నడిచి, గాలి పీల్చుకుని, ఐస్‌క్రీం తిని, బ్యాండు మేళం విని వెనక్కి రావడమే దాని పని. విగన్ చూస్తే సముద్రానికి పాతిక కిలోమీటర్ల పైన లోపల ఉంది. బొగ్గు గనులూ నూలు మిల్లులూ పుట్టించిన ఊరు. అలాంటి ఊళ్లో పియర్ అంటే మన హైదరాబాదులో లైట్‌హౌస్ ఉందన్నట్టే.

మాంచెస్టర్ విక్టోరియా నుంచి రైలెక్కి విగన్ వాల్‌గేట్‌లో దిగాం. రోడ్డు వెంట కిందికి నడిస్తే పది నిమిషాల్లోపే కాలువ వచ్చేసింది. లీడ్స్ లివర్‌పూల్ కాలువ. 1770లో తవ్వడం మొదలుపెట్టి 1816కి గానీ పూర్తి చేయలేకపోయారు. 127 మైళ్లు. ఇరిగేషన్ డిపార్టుమెంటులో చేసి రిటైరైనవాణ్ణి కాబట్టి నాకు ముందు కనిపించింది నీటిమట్టం, గట్టు రాతికట్టు, తర్వాతే ఊరు. మన డెల్టా కాలువల్లా ఇది పొలాలకు నీళ్లివ్వదు. కేవలం సరుకు మోయడానికే తవ్వింది. లంకాషైర్ బొగ్గు లివర్‌పూల్‌కి, లివర్‌పూల్ రేవులో దిగిన పత్తి మిల్లులకి.

ఇంతకీ పియర్ ఏదీ? పాత గోదాముల ఎదురుగా గట్టు అంచున రెండు ఇనప పట్టాలు చివర పైకి వంగి ఉన్నాయి. అంతే. అదే విగన్ పియర్. అదీ అసలుది కాదు, నమూనా. అసలుదాన్ని 1929లో పడగొట్టి ఇనుము తుక్కు కింద అమ్మేశారని చెబుతారు.

మా ఆవిడ ఆ పట్టాలకేసి, తర్వాత నాకేసి చూసింది. "ఏవండీ, దీనికోసమా రైలెక్కించారు?"

దీనికోసమే. పని చేసే తీరు భలేగా ఉంటుంది. గనుల నుంచి బొగ్గు బండ్లు పట్టాల మీద ఇక్కడిదాకా వచ్చేవి. పైకి వంగిన చోట ముందు చక్రాలు ఆగిపోతాయి, వెనక భాగం లేస్తుంది, బండి ముందుకు ఒరుగుతుంది, బొగ్గంతా కింద కాచుకున్న పడవలోకి జారిపోతుంది. మోటారు లేదు, క్రేను లేదు. బండి బరువే బండిని వంచుతుంది. ఇలాంటివి ఈ కాలువ పొడుగునా చాలా ఉండేవి. వాటిలో ఏదీ ఎవరికీ గుర్తు లేదు. దీనికి మాత్రం పేరొచ్చింది, ఎందుకంటే దీని మీద జోకు పుట్టింది.

శుక్రవారం

జోకు ఎలా పుట్టిందన్నది తర్వాత చెబుతాను. దాన్ని దేశమంతా మోసుకెళ్లిన మనిషి సంగతి ముందు.

ఆయన అసలు పేరు జేమ్స్ బూత్. 1875లో ఆష్టన్-అండర్-లైన్‌లో పుట్టాడు. చిన్నతనం ఘోరం. వీధుల్లో పాటలు పాడి చిల్లర అడుక్కున్నాడు. రంగస్థలానికి జార్జ్ ఫార్మ్‌బీ అని పేరు మార్చుకున్నాడు. గూడ్సు బండి మీద ఫార్మ్‌బీ అన్న ఊరి పేరు చూసి పెట్టుకున్నాడంటారు. ఆ రోజుల్లో సినిమా ఇంకా నిలదొక్కుకోలేదు. మ్యూజిక్ హాళ్లే జనానికి వినోదం. ఒకే రాత్రి పాట, గారడీ, కుస్తీ, హాస్యం అన్నీ ఒకే వేదిక మీద. ఫార్మ్‌బీ వేసే వేషం జాన్ విల్లీ అనే అమాయకపు లంకాషైర్ కుర్రాడు. బిగుతు కోటు, తనకి పట్టని బూట్లు. విగన్ పిల్లనే పెళ్లి చేసుకున్నాడు. 'విగన్ నైటింగేల్' అని బిరుదు.

ఈ జాన్ విల్లీ వేదికెక్కి విగన్ పియర్ ముచ్చట తీసేవాడు. బ్లాక్‌పూల్ పియర్‌కీ సౌత్‌పోర్ట్ పియర్‌కీ తీసిపోనట్టు, మొహంలో నవ్వు రానీకుండా. జనం పడీ పడీ నవ్వేవారు. ఎందుకు అంత నవ్వు అని ఆలోచిస్తే, కూర్చున్నవాళ్లెవరో చూడాలి. మిల్లు పనివాళ్లు, గని కార్మికులు. ఏడాదికి ఒక వారం మిల్లులన్నీ మూసేవారు. దాన్ని వేక్స్ వీక్ అనేవారు. చేతిలో డబ్బు కూడబెట్టుకున్నవాళ్లు ఊరంతా కలిసినట్టు రైలెక్కి సముద్రం దగ్గరికి పోయేవారు. డబ్బు లేనివాళ్లు కాలువ గట్టున కూర్చునేవారు. వాళ్లకీ ఓ పియర్ ఉందనడం వేళాకోళమూ అవుతుంది, ఓదార్పూ అవుతుంది. ఏ ఊరివాళ్లు నవ్వుతున్నారన్నదాన్ని బట్టి.

ఫార్మ్‌బీకి క్షయ. దగ్గు ఆపుకోలేక, ఆ దగ్గునే ఆటలో కలిపేశాడు. వేదిక మీదికొచ్చి దగ్గి, "ఈ రాత్రి దగ్గు బాగా కుదిరింది" అనే అర్థంలో అనేవాడు. జనం చప్పట్లు. 1921లో ఆ జబ్బుతోనే పోయాడు, 45 ఏళ్లకి. హాస్యగాళ్ల గురించి కన్నీళ్ల కథలు కట్టడం నాకు ఇష్టం ఉండదు గానీ ఇక్కడ కట్టనక్కర్లేదు, అలా జరిగింది.

ఆయన కొడుకు జూనియర్ జార్జ్ ఫార్మ్‌బీ 1904లో విగన్‌లోనే పుట్టాడు. చిన్న గిటారులాంటి యుకలేలీ వాయిద్యం పట్టుకుని, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూ, తండ్రి కంటే పెద్ద తార అయ్యాడు. గ్రాండ్ ఆర్కేడ్ అనే షాపింగ్ మాల్‌లో ఆయన కంచు విగ్రహం ఉంది. పిల్లలు దాని పక్కన నిలబడి ఫొటోలు తీయించుకుంటున్నారు. తండ్రికి విగ్రహం లేదా అని అటూ ఇటూ వెతికాం. మాకు కనబడలేదు.

మధ్యాహ్నం 'పై' తిన్నాం. లోపల మాంసమో కూరో పెట్టి కాల్చిన పిండి వంటకం అది. విగన్ వాళ్లకి 'పై తినేవాళ్లు' అని ఎక్కిరింత పేరు. 1926 సమ్మెలో పొరుగు ఊళ్ల గని కార్మికులు ఇంకా పట్టుబట్టి ఉండగానే విగన్ వాళ్లు ఓటమి మింగి పనిలోకి వెళ్లారనీ, ఇంగ్లిషులో అలా తలవంచడాన్ని 'హంబుల్ పై తినడం' అంటారు కాబట్టి పేరు అలా వచ్చిందనీ ఓ కథ. ఇలాంటి పేరు పెడితే మనవైపు అయితే రెండు ఊళ్ల మధ్య పెళ్లి సంబంధాలు ఆగిపోతాయి. వీళ్లు మాత్రం 1992 నుంచి ఏటా ప్రపంచ పై తినే పోటీలు పెట్టుకుంటున్నారు. పైని మెత్తటి బ్రెడ్డులో పెట్టుకుని తింటారు. పిండిలో పిండి. మా ఆవిడకి జున్నూ ఉల్లిపాయా పెట్టిన శాకాహారం పై దొరికింది. సగం తిని "ఉప్పు తక్కువ" అంది. దుకాణంలో అంకుల్ జోస్ మింట్ బాల్స్ అనే పిప్పర్‌మెంటు బిళ్లలు కూడా కొన్నాం. 1898 నుంచి ఈ ఊళ్లోనే తయారు చేస్తున్నారు. గొంతులోకి దిగుతుంటే ముక్కు తెరుచుకుంటుంది.

ఎక్కిరింతను బిరుదుగా మార్చుకునే అలవాటు ఈ ఊరికి ఎప్పటినుంచో ఉందని పై తింటుంటే అర్థమైంది. మర్నాడు చూడబోయే మనిషితో మాత్రం ఆ పని అంత సులువుగా కాలేదు.

శనివారం

ఇంగ్లిషు రచయిత జార్జ్ ఆర్వెల్. అసలు పేరు ఎరిక్ ఆర్థర్ బ్లెయిర్. 1903లో బీహార్‌లోని మోతీహారిలో పుట్టాడు. తండ్రి బ్రిటిష్ సర్కారు నల్లమందు శాఖలో ఉద్యోగి. తర్వాత తను బర్మాలో పోలీసు ఉద్యోగం చేసి, విసుగెత్తి వదిలేశాడు. 1936లో ఉత్తర ఇంగ్లండు పేదరికం చూసి రాయడానికి బయల్దేరి ఫిబ్రవరిలో విగన్ చేరాడు. ఆ పుస్తకం 'ది రోడ్ టు విగన్ పియర్' 1937 మార్చిలో వచ్చింది. వామపక్ష పుస్తకాలు సభ్యులకి అందించే లెఫ్ట్ బుక్ క్లబ్ వాళ్లకే 40 వేలకు పైగా ప్రతులు వెళ్లాయి. అప్పటికి ఆయన స్పెయిన్ యుద్ధంలో ఉన్నాడు.

తమాషా ఏమిటంటే పేరులో ఉన్న పియర్ పుస్తకంలో దాదాపు లేదు. చూడాలని ఎంతో మనసుపడి వచ్చాననీ, తీరా వస్తే పడగొట్టేశారనీ, ఎక్కడ ఉండేదో కూడా ఇప్పుడు ఎవరికీ సరిగ్గా తెలియదనీ మధ్యలో ఒక ముక్క రాసి ముందుకు పోయాడు. 1943లో బీబీసీ రేడియోలో శ్రోత ఒకరు విగన్ పియర్ గురించి అడిగితే ఇంకాస్త వివరంగా చెప్పాడు. ఒకప్పుడు ఓ బురద కాలువ మీద శిథిలమైన చెక్క జెట్టీ ఉండేదట. ఫొటోలను బట్టి 20 అడుగులు ఉండి ఉంటుందట. ఎవరో సరదాకి పియర్ అన్నారు, మ్యూజిక్ హాలు హాస్యగాళ్లు అందుకున్నారు, చోటు పోయినా పేరును బతికించింది వాళ్లే అన్నాడు.

అంటే ఆయనకీ జోకే దొరికింది, కట్టడం దొరకలేదు. ఆ జోకునే అట్ట మీదికెక్కించాడు. ఫార్మ్‌బీ విగన్ పియర్ అంటే జనం విగన్ వాళ్లతో కలిసి నవ్వారు. ఆర్వెల్ అన్నాక చదివినవాళ్లకి విగన్ అంటే మసి, మురికి, ఆకలి. రెండింటికీ మాట ఒకటే.

పొద్దున్న డార్లింగ్టన్ స్ట్రీట్‌కి వెళ్లాం. 22వ నంబరు ఇంట్లో, పశువుల పేగులూ పొట్టా అమ్మే దుకాణం పైన, ఆయన అద్దెకున్నాడు. ఆ ఇల్లు ఇప్పుడు లేదు, కార్లు పోతున్నాయి. పుస్తకం మొదటి అధ్యాయం అంతా ఆ ఇంటి గురించే. యజమాని కోసిచ్చే ప్రతి బ్రెడ్డు ముక్క మీదా నల్లటి బొటనవేలి ముద్ర. చివరికి పొద్దున్న టిఫిన్ బల్ల కింద నిండిన ఉచ్చకుండ కనిపించాక ఇల్లు ఖాళీ చేశానని రాశాడు. అంతకుముందు ఆయన వారింగ్టన్ లేన్‌లో ఓ ఇంట్లో దిగాడు. అది శుభ్రంగానే ఉండేదనీ, పుస్తకానికి పనికొచ్చే కంపు కోసమే ఇక్కడికి మారాడనీ విగన్ వాళ్ల ఫిర్యాదు. నాకు ఆ ఫిర్యాదు సగం నిజమే అనిపిస్తుంది. కానీ గనిలోకి దిగి, ఆరడుగుల పైచిలుకు మనిషి నడుం వంచుకుని బొగ్గు తవ్వే చోటిదాకా పాకుతూ వెళ్లి, అది తన వల్ల కాని పని అని ఒప్పుకుంటూ రాసిన పేజీలు చదివాక మిగతా సగం నోరు మూసుకుంటుంది. అదే పుస్తకంలో ఇంకో మాట ఉంది, ఇంగ్లండు కొంచెం సుఖంగా బతకాలంటే పది కోట్ల మంది భారతీయులు ఆకలి అంచున బతకాల్సి వస్తోందని. విగన్ పేదరికం చూడటానికి వచ్చినవాడికి ఇది రాయాల్సిన అవసరం లేదు. మోతీహారిలో పుట్టినవాడు కాబట్టి రాశాడేమో.

లైబ్రరీ స్ట్రీట్‌లో పాత గ్రంథాలయం ఉంది. ఆల్‌ఫ్రెడ్ వాటర్‌హౌస్ కట్టిన భవనం, 1878 నాటిది. ఇప్పుడది ఊరి చరిత్ర మ్యూజియం. ఆర్వెల్ గనుల లెక్కలూ ఇళ్ల లెక్కలూ ఇక్కడ కూర్చునే రాసుకున్నాడు.

ఊరు ఆయన మీద కోపం దాచుకోలేదు. కానీ 1980లలో గనులు మూతపడి, మిల్లులు ఆగిపోయి, జనం పనుల్లేక కూర్చున్నప్పుడు, బయటివాళ్లని రప్పించడానికి ఊరికి మిగిలిన పేరు ఏదని చూసుకుంటే ఇదొక్కటే ఉంది. పాత గోదాములు బాగు చేసి విగన్ పియర్ పేరుతోనే పర్యాటక కేంద్రం పెట్టారు. 1986లో ఎలిజబెత్ రాణి వచ్చి ప్రారంభించింది. 1900 నాటి ఊరిని చూపించే మ్యూజియం, అందులో నటులు టీచర్లుగా నిలబడి సందర్శకుల్ని బెంచీల్లో కూర్చోబెట్టి మందలించే విక్టోరియా కాలపు బడి. ఒక పబ్బుకి ఏకంగా 'ది ఆర్వెల్' అని పేరు! తిట్టినవాడి పేరు మీద బీరు అమ్ముకోవడం నాకు చాలా నచ్చింది. 2007లో మ్యూజియం మూతపడింది, ఆ తర్వాత పబ్బూ మూసేశారు. గోదాముల్ని మళ్లీ బాగుచేయాలని ఏళ్లుగా ప్రయత్నాలు నడుస్తూనే ఉన్నాయి.

మధ్యాహ్నం నాకోసం నేను తీసిపెట్టుకున్నాను. లాకులు, అంటే నీటిమట్టం పెంచీ తగ్గించీ పడవల్ని ఎక్కించే, దించే గదులు. విగన్ దగ్గర కాలువ కొండెక్కుతుంది. రెండున్నర మైళ్లలోపు 21 లాకులు, ఎత్తు 200 అడుగుల పైమాట. ధవళేశ్వరం లాకుల దగ్గర తిరిగినవాడికి ఒక్క లాకు కొత్తేం కాదు, కానీ మెట్లలా ఒకదాని మీద ఒకటి 21 వరసగా చూడటం వేరు. ఇక్కడ ఎక్కువగా పడవవాళ్లే ఇనప మర తిప్పి తూము తలుపులు ఎత్తుతారు, నీటిమట్టాలు సమమయ్యాక గేటు దూలాన్ని వీపుతో నెడతారు. ఇరుకు పడవలు రెండు పక్కపక్కనే పట్టేంత వెడల్పు. రెండూ కలిసి ఎక్కితే నీళ్లూ కలిసొస్తాయి, చాకిరీ సగమవుతుంది. రిటైరైన దంపతులు ఒకరు పడవ ఎక్కిస్తుంటే నేనూ వీపు ఆనించాను. ఆయన నా అడుగులు చూసి "ఇది మీకు కొత్త కాదే" అన్నాడు. నలభై ఏళ్ల ఉద్యోగానికి ఇంతకంటే సర్టిఫికెట్ ఏం కావాలి!

ఆర్వెల్ ఈ దారిని చలికాలంలో చూశాడు. గనులు కుంగి ఏర్పడ్డ మడుగుల మీద గోధుమరంగు మంచు, గోనెసంచులు కప్పుకుని కళ్లు మాత్రం కనిపించే పడవవాళ్లు, లాకు తలుపులకి వేలాడే మంచు గడ్డాలు. ఆ మడుగుల్ని ఇక్కడ ఫ్లాషెస్ అంటారు. ఇప్పుడవి పక్షుల కోసం కాపాడుతున్న సరస్సులు. బైనాక్యులర్లు మెడలో వేసుకుని జనం వస్తున్నారు.

ఆదివారం

జోకు పుట్టిన రైలుమార్గం మీదే సౌత్‌పోర్ట్ వెళ్లాం.

కథ ఇది. 1891 అంటారు. విహారానికి సౌత్‌పోర్ట్ వెళ్తున్న రైలు విగన్ దాటగానే సిగ్నలు లేక ఆగిపోయింది. వానలకి డగ్లస్ నది పొంగి చుట్టూ పొలాలన్నీ నీళ్లు. ఆ నీళ్ల మీదుగా బొగ్గు బండ్లు నడిచే పొడవాటి చెక్క వంతెన. సముద్రం కోసం ఎదురుచూస్తున్న జనంలో ఎవరో కిటికీలోంచి తల పెట్టి "ఎక్కడున్నాం?" అని అరిచారు. సిగ్నల్‌మన్ తడుముకోకుండా "విగన్ పియర్" అన్నాడు.

ఇందులో ఎంత నిజమో గానీ ఒక్కటి గమనించండి. ఈ కథలో ఉన్నది పొడవాటి వంతెన. ఆర్వెల్ చెప్పింది 20 అడుగుల జెట్టీ. నేను చూసింది గట్టు మీద రెండు పట్టాలు. మూడూ ఒకటి కావు. నా ఉద్దేశం, పేరు ముందు పుట్టింది. తర్వాత జనం వచ్చి "ఏదీ, ఎక్కడ?" అని అడగడం మొదలుపెట్టాక దాన్ని తగిలించడానికి కాలువ గట్టున ఓ చోటు వెతికారు. దొరికింది ఈ బొగ్గు దింపే పట్టాలు.

రైలు కదిలిన కాసేపటికే కిటికీ పక్కన కాలువ కనిపించింది. మా ఆవిడ నిద్రపోతోంది.

సౌత్‌పోర్ట్ పియర్ 1860లో తెరిచారు. కిలోమీటరు దాటిన పొడవు, దేశంలో రెండో పెద్దది. అసలైన పియర్ అంటే ఇదీ అని అల్లుడికి గొప్పగా చెప్పుకుంటూ నడిచాం. తీరా వెళ్తే కంచె, తాళం. చెక్కలు దెబ్బతిని భద్రత లేదని 2022 డిసెంబరులో మూసేశారు. సరే, సముద్రమైనా చూద్దామంటే పోటు లేదు. కనుచూపు మేర తడి ఇసక. ఇక్కడ ఆటుకి నీళ్లు చాలా దూరం వెనక్కి పోతాయని తర్వాత తెలిసింది. "మామయ్య గారూ, లేక్ డిస్ట్రిక్ట్‌లో మాత్రం నీళ్లు గ్యారంటీ" అన్నాడు అల్లుడు.

కంచె పక్కన బండిలో ఐస్‌క్రీం అమ్ముతున్న పెద్దాయన మాటల్లో పెట్టాడు. ఇండియా నుంచి వచ్చామని, విగన్‌లో మూడు రోజులు తిరిగామని చెప్పాను. ఆయన మొహం ఏమాత్రం కదలనీయకుండా అడిగాడు.

"మరి పియర్ చూశారా?"

"చూశాం. మీదానిలా కాదు, అది తెరిచే ఉంది."

ఒక్క క్షణం ఆగి నవ్వాడు. మా ఆవిడ కోనులో ఇంకో ముద్ద పెట్టి, నాకు మాత్రం పెట్టలేదు.